పంపు సులువే, పేచీ అంతా గేర్ కేసుతోనే

డీజిల్ లారీ ఇంజిన్‌లో ఒక రకం ఫ్యూయల్ పంపు తీసేసి ఇంకో రకం పెట్టాలనుకునేవాళ్ళు, అసలు పని పంపుదే అనుకుంటారు. పాతది విప్పడం, కొత్తది బిగించడం, పైపులు కలపడం, అంతేగా అన్నట్టు మొదలుపెడతారు. రెండో రోజుకల్లా రేడియేటర్ నేల మీద ఉంటుంది, ఫ్యాన్ దాని పక్కన ఉంటుంది, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ కూడా బయటికి లాగాల్సి వస్తుంది. కొత్త పంపు మాత్రం ఇంకా అట్టపెట్టెలోనే ఉంటుంది.

అదే రకం పంపును రిపేరు చేయించి మళ్ళీ పెట్టడం వేరు, రకం మార్చడం వేరు. రకం మారితే ఆ పంపును తిప్పే గేరు మారుతుంది, గేరు ఇమిడే కేసు మారుతుంది, డీజిల్ అందే పద్ధతి మారుతుంది, ఆయిల్ దారి మారుతుంది. వీటన్నిటి తర్వాత పిస్టన్‌కీ పంపుకీ మధ్య ఉండే కోణం మాత్రం అణువంత కూడా తప్పకూడదు. మార్పిడి చేశాక పంపు బాగాలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం పంపులో కాకుండా దాని చుట్టూ ఉన్నవాటిలో ఉంటుంది.

డిగ్రీ అంటే ఎంత?

డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని బాగా నొక్కి వేడెక్కించాక అందులోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. అంటే డీజిల్ ఎంత పోయాలో, ఎప్పుడు పోయాలో చూసే పంపే, మంట ఎప్పుడు పుట్టాలో కూడా తేలుస్తుంది. పంపు ముందుగా కొడితే మంట ముందుగా పుడుతుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే పైనుంచి దెబ్బ పడుతుంది. నాకింగ్ గట్టిగా వినిపిస్తుంది, సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి హెడ్ గ్యాస్కెట్ మీదికి వస్తుంది. ఆలస్యంగా కొడితే తెల్ల పొగ, పికప్ లేకపోవడం, సైలెన్సర్ వైపు విపరీతమైన వేడి.

ఇంజిన్ 1800 ఆర్‌పీఎం (నిమిషానికి 1800 చుట్లు) మీద ఉంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, సెకనుకు 30 చుట్లు, అంటే 10,800 డిగ్రీలు తిరుగుతుంది. ఒక్క డిగ్రీకి పట్టే కాలం సెకనులో పదివేలో వంతు కంటే కూడా తక్కువ. ఇంత చిన్న గడియను కొన్ని ఇనుప పళ్ళ సాయంతో పట్టుకోవడమే టైమింగ్ గేర్ల పని.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగేలోపు ఒక్కో సిలిండర్‌కి ఒక్కసారే డీజిల్ అందాలి. అందుకని పంపు ఎప్పుడూ క్రాంక్ వేగంలో సగం వేగంతోనే తిరుగుతుంది. క్రాంక్ గేరుకి 36 పళ్ళు ఉన్నాయనుకుంటే పంపు గేరుకి 72 ఉండాలి. ఈ లెక్కన బిగించేటప్పుడు ఒక్క పన్ను తప్పితే పంపు దగ్గర 5 డిగ్రీలు, క్రాంక్ దగ్గర 10 డిగ్రీలు తేడా వస్తుంది. ఒకటి రెండు డిగ్రీల తేడాకే ఇంజిన్ గొంతు మారిపోతుంది. 10 డిగ్రీలంటే స్టార్ట్ అవడమే కష్టం, అయితే ఇంకా ప్రమాదం.

ఈ సగం వేగం లెక్క పంపు మీద ఉన్న రేకు మీద కూడా కనిపిస్తుంది. ఉదాహరణకి బాష్ వీఈ పంపు మీద వీఈ6/12ఎఫ్1250ఆర్ అని ఉంటే, అది ఆరు సిలిండర్ల ఇంజిన్‌కి చేసినది, డీజిల్‌ని నెట్టే లోపలి ప్లంజర్ వ్యాసం 12 మిల్లీమీటర్లు, పంపు పూర్తి వేగం 1250 చుట్లు అని అర్థం. అంటే ఇంజిన్ వేగం 2500. చివరి ఆర్ అక్షరం పంపు కుడివైపుకి తిరగాలని చెబుతుంది. పాత సామాను కొట్లో పంపు కొనేవాళ్ళు ముందు చూడాల్సింది ఆ ఒక్క అక్షరాన్నే. క్యామ్ గేరు నేరుగా క్రాంక్ గేరుతో కలిస్తే క్రాంక్‌కి ఎదురు దిక్కున తిరుగుతుంది. ఆ క్యామ్ గేరుతో కలిసిన పంపు గేరు మళ్ళీ క్రాంక్ దిక్కునే తిరుగుతుంది. మధ్యలో ఐడ్లర్ గేరు (ఒక గేరు తిరుగుడుని ఇంకోదానికి అందించేది) ఒకటి ఎక్కువున్నా తక్కువున్నా దిక్కు తారుమారవుతుంది. ఎడమ పంపును కుడివైపుకి తిప్పితే అది పని చేయదు.

రెండు జాతులు

లారీ ఇంజిన్లకి వాడే మెకానికల్ పంపులు ముఖ్యంగా రెండు రకాలు. ఇన్‌లైన్ పంపులో ఎన్ని సిలిండర్లుంటే అన్ని ప్లంజర్లు, కింద వాటిని లేపే సొంత క్యామ్ షాఫ్ట్. బాష్ కంపెనీ 1927లో దీన్ని పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాకే డీజిల్ ఇంజిన్ లారీల్లోకి నిలదొక్కుకుని వచ్చింది. రెండోది రోటరీ, అంటే డిస్ట్రిబ్యూటర్ పంపు. వీటిలో కొన్నిటిలో ఒక్కటే ప్లంజర్ తిరుగుతూ, ముందుకీ వెనక్కీ ఆడుతూ అన్ని సిలిండర్లకీ వంతులవారీగా డీజిల్ పంచుతుంది. 1975లో వచ్చిన వీఈ పంపు ఈ కోవదే. చిన్నది, తేలిక, చవక. కాకపోతే ఆరు సిలిండర్ల భారం ఒక్క ప్లంజర్ మీదే పడుతుంది కాబట్టి డీజిల్ పెంచడానికి దానికో హద్దుంది.

ఈ మార్పిడి కథ బాగా అర్థం కావాలంటే అమెరికాలో డాడ్జ్ పికప్ ట్రక్కుల్లో వచ్చిన 5.9 లీటర్ల కమిన్స్ బి సిరీస్ ఇంజిన్‌ని చూడాలి. ఒకే బ్లాకు మీద పదిహేనేళ్ళలోపే నాలుగు రకాల పంపులు మారాయి. 1989 మోడల్ నుంచి 1993 దాకా వీఈ రోటరీ పంపు. 1994 నుంచి 1998 మధ్య వరకూ పీ7100 అనే ఇన్‌లైన్ పంపు. ఆ తర్వాత 24 వాల్వుల హెడ్‌తో పాటు 2002 దాకా వీపీ44 అనే ఎలక్ట్రానిక్ రోటరీ పంపు. 2003 నుంచి కామన్ రైల్, అంటే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే పద్ధతి. బ్లాకు దాదాపు అదే, పంపు వేరు. ఇక మెకానిక్‌ల చెయ్యి ఊరుకుంటుందా! వీఈ ఉన్నవాళ్ళు పవర్ కోసం, వీపీ44 ఉన్నవాళ్ళు దాంతో పడలేక, ఇద్దరూ పీ7100 వైపే చూశారు. వీఈ ఇంజిన్లు 160 హార్స్‌పవర్‌తో వస్తే, పీ7100 ఉన్న ఇంజిన్లలో చివరివి 215 దాకా ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. స్ప్రింగులు, డీజిల్ మోతాదు మార్చే ర్యాక్ సర్దితే ఇంకా చాలా దూరం పోతాయి.

వీపీ44 మీద ఉన్న చెడ్డపేరులో కొంత భాగం దానిది కాదు. ఆ పంపుని చల్లబరిచేదీ, లోపల జిడ్డునిచ్చేదీ దాని గుండా పోయే డీజిలే. ట్యాంకు నుంచి డీజిల్ తెచ్చే చిన్న లిఫ్ట్ పంపు బలహీనపడితే పెద్ద పంపు ఎండి, వేడెక్కి చస్తుంది. కొత్త వీపీ44 పెట్టి పాత లిఫ్ట్ పంపునే ఉంచితే మళ్ళీ అదే కథ. ఆ బండికి ముందు కావాల్సింది ఇన్‌లైన్ పంపు కాదు, మంచి లిఫ్ట్ పంపు, ఒక ప్రెషర్ గేజీ. ఈ మాట మార్పిడి మీద మోజుపడ్డవాళ్ళకి రుచించదు.

కేసు విప్పితే బయటపడేవి

వీఈ కోసం పోత పోసిన గేర్ కేసు మీద పీ7100 కూర్చోదు. వీపీ44 కేసు మీదా కూర్చోదు. కాబట్టి పీ7100 ఉన్న 12 వాల్వుల ఇంజిన్ నుంచి కేసు కూడా తేవాలి. దాంతో పాటు పంపు గేరు, వెనక పంపుని పట్టుకునే బ్రాకెట్, యాక్సిలేటర్ లింకేజీ, ఇంజిన్ ఆపే సోలినాయిడ్ కూడా ఆ ఇంజిన్‌వే అయితే మంచిది. ఇన్‌లైన్ పంపు బరువైనది. ముందు నాలుగు నట్ల మీదే వేలాడదీస్తే అదురుకి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి విరుగుతుంది. వెనక బ్రాకెట్ అలంకారం కాదు.

కేసు బయటికి రావాలంటే క్యామ్ షాఫ్ట్ రావాలి, ఎందుకంటే క్యామ్ గేరు కేసు ముందు అడ్డంగా ఉంటుంది. ఇక్కడే పని తెలియనివాళ్ళు ఇరుక్కుంటారు. ఈ ఇంజిన్‌లో క్యామ్ కదలికని పైకి పంపే ట్యాపెట్లు పుట్టగొడుగు ఆకారంలో ఉంటాయి, కింది నుంచే పైకి ఎక్కించి ఉంటాయి. క్యామ్ లాగగానే అన్నీ ఆయిల్ పాన్‌లోకి రాలిపోతాయి. రాలకుండా, ట్యాపెట్ల మీద నిలిచే పుష్ రాడ్‌లు తీసిన కంతల్లోంచి సన్నటి కర్రపుల్లలు దూర్చి ట్యాపెట్లను బిగపట్టి పైకి లాగి, జతలు జతలుగా రబ్బరు బ్యాండ్లు కట్టి ఉంచుతారు. ఇంత పెద్ద ఇంజిన్ పని రబ్బరు బ్యాండ్ల మీద ఆధారపడడం చూస్తే నవ్వొస్తుంది కానీ, ఇది బాగా నడిచే పద్ధతే.

కేసు తీసినప్పుడు తప్పకుండా చూడాల్సింది డవెల్ పిన్. కేసుని బ్లాకు మీద సరిగ్గా కూర్చోబెట్టడానికి పెట్టిన చిన్న ఉక్కు పిన్ను అది. అదురుకి మెల్లగా బయటికి జరుగుతూ జరుగుతూ చివరికి తిరిగే గేర్ల మధ్య పడుతుంది. పడ్డరోజున గేర్ల పళ్ళు రాలతాయి, కేసు పగులుతుంది, అదృష్టం బాగాలేకపోతే ఇంజినే పోతుంది. అందుకే దానికి కిల్లర్ డవెల్ పిన్ అని పేరుపడింది. పరిష్కారం మాత్రం చాలా చిన్నది. పిన్ను ముందు అడ్డంగా నిలిచేలా ఒక రేకు ముక్కని పక్కనున్న బోల్టు కింద బిగిస్తే చాలు, పిన్ను ఇంక కదలదు. పంపు మార్చకపోయినా ముందు కవరు తీసినప్పుడు ఈ ఒక్క పని చేసుకోవాలి.

ముందు వైపు క్రాంక్ సీలు గురించి ఒక మాట. మామూలు రబ్బరు సీలుకి ఆయిల్ రాసి ఎక్కించే అలవాటు చాలామందిది. ఈ ఇంజిన్ సీలుని, క్రాంక్ కొసని శుభ్రంగా తుడిచి పొడిగానే ఎక్కించాలి. ఆయిల్ రాస్తే కారుతుంది. దానికోసం మళ్ళీ ముందంతా విప్పాలి.

కీ లేని గేరు

వీఈ, వీపీ44 పంపుల షాఫ్టుకి కీ, అంటే గేరుని ఒకే చోట నిలిపే చిన్న ఉక్కు ముక్క, ఉంటుంది. గేరు ఒకే ఒక్క చోట కూర్చుంటుంది కాబట్టి గేర్ల మీది మార్కులు కలిస్తే స్థూలంగా టైమింగ్ కలిసినట్టే. మిగతా సర్దుబాటు వీఈలో పంపు ఒళ్ళుని ఇంజిన్ వైపుకో బయటికో కొంచెం తిప్పి చేసుకుంటారు. పీ7100కి ఇలాంటి కీ లేదు. షాఫ్టు కొస శంకువులా టేపర్‌గా ఉంటుంది, గేరు లోపలి కంత కూడా అలాగే ఉంటుంది. నట్టు బిగించగానే ఆ రెండు టేపర్లూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ఆ పట్టు ఒక్కటే గేరుని నిలబెట్టేది.

దీనివల్ల లాభమూ ఉంది, చిక్కూ ఉంది. లాభం ఏమిటంటే టైమింగ్ డిగ్రీలో పావు వంతు కూడా కావాల్సినట్టు పెట్టుకోవచ్చు. చిక్కు ఏమిటంటే గేరు మీద మార్కుకీ పంపు లోపలి ప్లంజర్‌కీ ఏ సంబంధమూ లేదు. మార్కులు కలిశాయి కదా అని మురిసిపోతే అది క్యామ్‌కీ గేరుకీ మధ్య కలిసినట్టు మాత్రమే. పైగా టేపర్ మీద చిటికెడు ఆయిల్ మిగిలినా, నట్టుని కంపెనీ చెప్పిన టార్క్ కంటే తక్కువ బిగించినా, కొన్నాళ్ళకి గేరు జారుతుంది. ఇన్‌లైన్ పంపుని తిప్పడానికి కావాల్సిన బలం ఒకే తీరుగా ఉండదు, ఒక్కో చుట్టుకి ఆరు దెబ్బలుగా వస్తుంది. ప్రతి దెబ్బా ఆ టేపర్‌ని విడదీయాలని చూస్తుంది. పళ్ళు అరిగిన పాత గేరుని కొత్త గేరుతో జోడీ కట్టినా ఇదే దెబ్బ మోతగా వినిపిస్తుంది. అనుభవమున్నవాళ్ళు రెండు టేపర్లనీ బ్రేక్ క్లీనర్‌తో కడిగి, వేలు కూడా తగలనివ్వకుండా బిగిస్తారు. అతిగా అనిపించినా తప్పు కాదు.

పంపు లోపల ఒకటో సిలిండర్ స్థానంలో షాఫ్టుని నిలబెట్టడానికి చిన్న లాక్ పిన్ ఉంటుంది. దాని మీద ఆధారపడి నట్టుని పూర్తిగా బిగించకూడదు. అది ఆ బరువుకి చేసినది కాదు, విరుగుతుంది. ముందు కొంచెం పట్టు వచ్చేదాకా బిగించి, పిన్ను తీసి, క్రాంక్‌ని కదలకుండా పట్టుకుని, అప్పుడు టార్క్ రెంచ్ వాడాలి. పని అయ్యాక పిన్ను తిరగేసి దాని గూట్లో పెట్టాలి. లాక్‌లోనే మర్చిపోయి సెల్ఫ్ కొడితే పంపు లోపల ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. వీఈలో ఇదే పని ఒక పక్క స్క్రూ, దాని కింది వాషర్ చేస్తాయి.

సరైన టైమింగ్ కావాలంటే మార్కులు కాదు, కొలత కావాలి. పంపు మీద ఒకటో సిలిండర్ డెలివరీ వాల్వు (డీజిల్ బయటికి పోయే చోటి వాల్వు) తీసి, అక్కడ సన్నటి కదలికని కొలిచే డయల్ గేజీ పెట్టి ప్లంజర్ ఎంత లేచిందో చూస్తారు. ప్రతి పంపుకీ ఇన్ని మిల్లీమీటర్ల లేపుకి ఇన్ని డిగ్రీలు అనే లెక్క ఉంటుంది. ఆ లెక్కకి పంపుని నిలబెట్టి, క్రాంక్‌ని టాప్ డెడ్ సెంటర్‌కి (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటికి) తెచ్చి, గేర్ల మధ్య ఉన్న వదులుని తిరిగే దిక్కువైపే తీసేసి, అప్పుడు గేరు బిగిస్తారు. వదులుని తప్పు దిక్కుకి వదిలేస్తే కొలత సరిగ్గానే ఉంటుంది, ఇంజిన్ నడిచేటప్పుడు మాత్రం టైమింగ్ వేరేగా ఉంటుంది. గేజీని నిందించి లాభం లేదు.

టాప్ డెడ్ సెంటర్ దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. పిస్టన్ ఒక సైకిల్‌లో రెండుసార్లు పైకి వస్తుంది, ఒకసారి కంప్రెషన్‌లో, ఇంకోసారి ఎగ్జాస్ట్‌లో. క్రాంక్ పుల్లీ మీది మార్కుకి ఈ తేడా తెలియదు. ఒకటో సిలిండర్ రెండు వాల్వులూ మూసి, వాల్వుల్ని నొక్కే రాకర్లు వదులుగా ఆడితేనే అది కంప్రెషన్. లేదంటే పంపు సరిగ్గా ఒక క్రాంక్ చుట్టు తేడాతో, వాల్వు తెరిచి ఉన్నప్పుడు డీజిల్ కొడుతుంది. ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో ఒకటి, ఆరు పిస్టన్లు కలిసే పైకి వస్తాయి కాబట్టి ఈ పొరపాటు చాలా సులువుగా జరుగుతుంది. బి సిరీస్ కేసులో క్యామ్ గేరు కంతలోకి దూరే ప్లాస్టిక్ టైమింగ్ పిన్ ఈ అనుమానం తీర్చడానికే ఉంది. అది క్యామ్‌ని చూస్తుంది, క్రాంక్‌ని కాదు. దాన్ని కూడా లోపలే వదిలేసి ఇంజిన్ తిప్పి విరగ్గొట్టినవాళ్ళకి కొదవలేదు.

ఐడ్లర్ గేరు ఉన్న ఇంజిన్లలో మార్కుల గొడవ ఇంకా విచిత్రంగా ఉంటుంది. క్రాంక్ గేరుకి 36, ఐడ్లర్‌కి 47 పళ్ళు అనుకుంటే, ఒకసారి కలిపిన మార్కులన్నీ మళ్ళీ ఒకే చోటికి రావడానికి క్రాంక్ 94 చుట్లు తిరగాలి. పళ్ళు ఒకేలా అరగడానికి కావాలనే అలాంటి సంఖ్యలు పెడతారు. ఇది తెలియనివాళ్ళు అన్నీ బిగించి, రెండు చుట్లు తిప్పి చూసి, మార్కులు కలవలేదని కంగారుపడి సరిగ్గా ఉన్నదాన్ని విప్పుతారు.

పైపులు, ఆయిల్, వైర్లు

హై ప్రెషర్ పైపులన్నీ ఒకే పొడవు, ఒకే లోపలి వెడల్పు ఉండాలి. పంపు దగ్గర పుట్టిన ఒత్తిడి అల డీజిల్‌లో సెకనుకు దాదాపు 1400 మీటర్ల వేగంతో పోతుంది. 70 సెంటీమీటర్ల పైపు దాటడానికి అర మిల్లీసెకను. 1800 ఆర్‌పీఎం దగ్గర అది 5 డిగ్రీల పైమాట. ఒక సిలిండర్‌కి పొట్టి పైపు, ఇంకోదానికి పొడుగు పైపు వేస్తే ఒక్కోదాని టైమింగ్ ఒక్కోలా ఉంటుంది. అందుకే దగ్గరి సిలిండర్ల పైపులకి కూడా అనవసరంగా కనిపించే వంపులుంటాయి. 24 వాల్వుల హెడ్‌లో డీజిల్ పక్క నుంచి లోపలికి పోతుంది, 12 వాల్వులదాంట్లో నేరుగా ఇంజెక్టర్ మీదికి వస్తుంది. కాబట్టి ఆ మార్పిడికి కొత్తగా పైపులు వంచించుకోక తప్పదు. ఇన్‌లైన్ పంపులో ఒకటో నోరు ఒకటో సిలిండర్‌కి, రెండోది రెండోదానికి వరసగా పోతాయి. రోటరీలో మాత్రం నోళ్ళు ఫైరింగ్ ఆర్డర్ ప్రకారం, అంటే 1-5-3-6-2-4గా చుట్టూ ఉంటాయి. అలవాటు చొప్పున కలిపితే కుదరదు.

వీఈకి లోపల జిడ్డునిచ్చేది డీజిల్. ఇన్‌లైన్ పంపుకి ఇంజిన్ ఆయిల్ కావాలి. దానికి ఒక పైపు వేయాలి, తిరిగి దిగే దారి ఉండాలి. మొదటి స్టార్ట్‌కి ముందే పంపులో ఆయిల్ పోసి ఉంచితే మంచిది. వీఈతో వచ్చే లిఫ్ట్ పంపు ఒత్తిడి పీ7100కి చాలదు, అదీ మార్చాలి.

ఇంకో తేడా చాలామంది లెక్కలోకి తీసుకోరు. వీఈలో వేగం పెరిగేకొద్దీ లోపలి డీజిల్ ఒత్తిడే టైమింగ్‌ని ముందుకి జరుపుతుంది. ఈ ఇంజిన్ మీది పీ7100కి ఆ సౌకర్యం లేదు. బిగించిన డిగ్రీలే ఐడ్లింగ్‌కీ, ఫుల్ స్పీడ్‌కీ. కాబట్టి ఎక్కువ పెడితే చలిలో, కింది వేగంలో మోత, తక్కువ పెడితే పై వేగంలో ఊపిరాడదు. ఏ పనికి వాడే బండో తేల్చుకున్నాకే డిగ్రీలు తేల్చాలి. బరువు లాగే బండికీ, పోటీలకి వాడే బండికీ ఒకే అంకె సరిపోదు.

వీపీ44 తీసేస్తే ఇంజిన్ కంప్యూటర్‌కి చేసే పని ఉండదు, కానీ దానిమీద ఆధారపడ్డవి ఉంటాయి. టాకోమీటర్, క్రూజ్, ఆటోమేటిక్ గేర్ బాక్స్ వంటివాటికి వేరే దారి చూడాలి. అమెరికాలో రోడ్డు మీద తిరిగే బండి పొగ నియంత్రణ సామాను తీసేయడం క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద చట్టవిరుద్ధం కూడా. కామన్ రైల్ ఇంజిన్లలో కథే మారిపోతుంది. అక్కడ పంపు ఒత్తిడి పుట్టించడానికే, ఎప్పుడు చిమ్మాలో కంప్యూటర్ చెబుతుంది. ఆ పంపు లోపల అరిగి విరిగితే ఇనుప రజను రైలులోకీ ఇంజెక్టర్లలోకీ పోతుంది. పంపు ఒక్కటే మార్చి ఊరుకుంటే కొత్తదీ అదే దారి పడుతుంది.

మొదటి స్టార్ట్

లిఫ్ట్ పంపు ప్రైమర్‌తో గాలి తీసి, ఇంజెక్టర్ల దగ్గర పైపు నట్లు కొంచెం వదులు చేసి సెల్ఫ్ కొడితే బుడగలు పోయి డీజిల్ వస్తుంది. ఎక్కడ కారుతోందో చూడ్డానికి చెయ్యి పెట్టకూడదు. ఆ ఒత్తిడిలో సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టు చిన్న చుక్కే కనిపించినా ఆపరేషన్ దాకా పోయే గాయం అది. అట్టముక్క వాడాలి.

స్టార్ట్ చేసేముందు టర్బో నోటి పైపు విప్పి, దాన్ని పూర్తిగా మూసేంత చెక్కపలక ఒకటి పక్కన పెట్టుకుంటారు. ర్యాక్ ఎక్కడైనా పట్టేసి ఉంటే ఇంజిన్ తాళం తీసినా ఆగదు, వేగం పెరుగుతూనే పోతుంది. గాలి ఆపడం ఒక్కటే అప్పుడు దారి. చేతులు, గుడ్డలు అడ్డుపెట్టాలని చూస్తే టర్బో లాగేసుకుంటుంది.

అంటుకున్నాక మొదటి పది నిమిషాలూ పొగ చూడాలి, మోత వినాలి. ఇంజిన్ వేడెక్కినా తెల్ల పొగ పోకుండా కళ్ళు మండుతుంటే టైమింగ్ వెనకబడి ఉండొచ్చు. ఒక్క సిలిండర్ పైపు నట్టు వదులు చేసినా శబ్దం మారకపోతే లోపం ఆ ఒక్క సిలిండర్ దగ్గరే, గేర్ల దగ్గర కాదు. మొదట బాగా నడిచి, వారం తిరక్కుండానే పికప్ తగ్గి తెల్ల పొగ మొదలైతే పంపుని క్యాలిబ్రేషన్‌కి పంపేముందు ముందు కవరు మీది చిన్న మూత విప్పి, డయల్ గేజీ మళ్ళీ పెట్టి చూడాలి. అలాంటప్పుడు ఎక్కువసార్లు తేలేది ఒకటే, టేపర్ మీద గేరు జారి ఉంటుంది.